సంతకానికి ముందు ఐదేళ్లు

జమ్మలమడుగులో ఇల్లు కట్టాలనుకున్న మనిషి మొదట కలిసేది సిద్ధాంతిని. ఆయన స్థలం ముఖం ఎటుందో అడిగి, యజమాని నక్షత్రం అడిగి, ఆయం కట్టి వాకిలి ఎటు పెట్టాలో చెప్తాడు. తర్వాత బేల్దారి మేస్త్రి వస్తాడు. నాలుగు మూలలూ తిరిగి, మడమతో నేల తన్ని చూసి, "నల్లరేగడి సామీ, పునాది లోతుకు పోవాల" అంటాడు. మూడోది ప్లాన్లు గీసే షాపు. అక్కడి కంప్యూటర్లో ఎవరిదో పాత ఇల్లు సిద్ధంగా ఉంటుంది. దాన్ని తెరిచి, కొలతలు మార్చి, పేరు మార్చి, సాయంత్రానికి కాగితం చేతిలో పెడతారు. ఇల్లు లేస్తుంది, గృహప్రవేశం జరుగుతుంది, భోజనాలూ అవుతాయి. ఆర్కిటెక్టు అన్న మాట మాత్రం ఈ కథలో ఎక్కడా వినిపించదు.

ఆ ముగ్గురి మీద నాకేం చిన్నచూపు లేదు. రేగడి గురించి మేస్త్రి చెప్పింది అక్షరాలా నిజం. ఆ మన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అయితే మూడేళ్లకు గోడ పగిలిందనుకో, ఎవరిని అడగాలి? సిద్ధాంతి మేస్త్రిని చూపిస్తాడు. మేస్త్రి, యజమాని కడ్డీ తగ్గించాడంటాడు. షాపువాడు, మేమిచ్చిన కాగితం వేరు మీరు కట్టింది వేరు అంటాడు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంటుంది. పగిలిన గోడకు జవాబు చెప్పే మనిషి మాత్రం దొరకడు.

ఆ జవాబు చెప్పే మనిషి, అంటే ఆర్కిటెక్టు కావాలనుకుని, ఐదేళ్ల బీఆర్క్ చదువు వైపు చూస్తున్న నీ కోసం ఈ అధ్యాయం. "అదేం కోర్సురా, ఇంజనీరింగ్ కాదా?" అని నీ పక్కన కూర్చుని అడుగుతున్న మీ నాయన కోసం కూడా.

ముందు చట్టం సంగతి. ఆర్కిటెక్టుల చట్టం 1972లో వచ్చింది. దాని కింద ఏర్పడిన కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఢిల్లీలో ఉంటుంది, ఒక రిజిస్టర్ నడుపుతుంది. ఆ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే తమను ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలని 37వ సెక్షన్. పేరు లేకుండా చెప్పుకుంటే మొదటిసారి 500 రూపాయల దాకా జరిమానా అని కూడా అదే సెక్షన్. 1972లో ఐదొందలంటే మాటలు కాదు. ఈరోజు ఆ డబ్బుకు రెండు బస్తాల సిమెంటు రావడం కష్టం.

ఇంకో మెలిక కూడా తెలుసుకోవాలి. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌కు అర్థం తేల్చింది. నోయిడా పట్టణాభివృద్ధి సంస్థలో ఒక పదోన్నతి తగాదా అక్కడిదాకా వెళ్లింది. చట్టం కాపాడేది ఆర్కిటెక్టు అనే పేరునే తప్ప, భవనాలకు రూపం గీసే పనిని కాదని కోర్టు చెప్పింది. అంటే పేరుకు కంచె ఉంది, పనికి లేదు. ఇళ్లకు ప్లాన్లు గీస్తున్న షాపు ఆ పేరు వాడుకోనంతవరకు ఈ చట్టం దాన్ని ఆపదు. చదువు పూర్తయ్యాక ఊళ్లో ఇళ్లన్నీ నా దగ్గరికే రావాలని చట్టం చెప్తుందనుకుంటే ఆ ఆశ ఇక్కడే వదిలేయ్. చాలామంది ఈ విషయం డిగ్రీ చేతికొచ్చాక తెలుసుకుని నీరసపడతారు. చేరకముందే తెలిస్తే చేరాలో వద్దో సరిగ్గా తేల్చుకోగలవు.

మన ఊళ్లలో లైసెన్సు అనే మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2017 బిల్డింగ్ రూల్స్ ప్రకారం మున్సిపాలిటీకి ప్లాన్ పెట్టాలంటే లైసెన్సు ఉన్న సాంకేతిక వ్యక్తి ద్వారా పెట్టాలి. వాడుకలో ఎల్‌టీపీ అంటారు. ఇంజనీరు కూడా ఎల్‌టీపీ కావచ్చు. కనుక "మా ప్లాన్ లైసెన్సు ఉన్నాయన గీశాడు" అంటే ఆయన ఆర్కిటెక్టు అని కాదు. మీ నాయన ఈ రెంటినీ కలిపేసి, "ఆ లైసెన్సు డిప్లొమాతో కూడా వస్తుందంట కదా, ఐదేళ్లెందుకు?" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. కేవలం ప్లాన్లు పాస్ చేయించడమే నీ లక్ష్యమైతే ఐదేళ్లు నిజంగానే దండగ. మొహమాటం లేకుండా చెప్తున్నాను.

చేరాలనే తేల్చుకున్నావనుకుందాం. ఇంటర్‌లో ఎంపీసీ ఉంటే చిక్కు లేదు. పులివెందులలోనో ప్రొద్దుటూరులోనో మూడేళ్ల పాలిటెక్నిక్ చేసినవాళ్లు కూడా, లెక్కలు చదివి ఉంటే రావచ్చు. అయితే బీటెక్‌లాగా నేరుగా రెండో ఏడాదిలో చేరడం ఇక్కడ కుదరదు, మొదటి ఏడాది నుంచే మొదలు. ఈఏపీసెట్ ర్యాంకు బీఆర్క్‌కు పనికిరాదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఆ ర్యాంకు పట్టుకుని ఆగస్టులో పరుగులు పెడతారు, అప్పటికి బండి వెళ్లిపోయి ఉంటుంది.

రాయాల్సినవి రెండు. ఒకటి కౌన్సిల్ పెట్టే నాటా, 2006 నుంచి నడుస్తోంది. ఇటీవలి ఏళ్లలో మొత్తం 200 మార్కులు. అందులో 80 చేత్తో బొమ్మలు గీసే, వాళ్లిచ్చిన వస్తువులతో ఒక ఆకారం అమర్చే పరీక్షకు, మిగతా 120 కంప్యూటర్ మీద. రెండోది జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఎ. 400 మార్కుల్లో లెక్కలకు 100, ఆప్టిట్యూడ్‌కు 200, డ్రాయింగ్‌కు 100. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో సీటు కావాలంటే ఈ జేఈఈ దారే. 2008లో మొదలైన ఆ సంస్థకు 2014లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాధాన్య హోదా వచ్చింది. రాష్ట్రంలోని ఇతర కాలేజీల సీట్లకు నాటా మార్కులతో విడిగా కౌన్సెలింగ్ ఉంటుంది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఈ శాఖ ఉంది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. మన కడపలోనే 2020లో వైఎస్సార్ పేరుతో ఇలాంటి విశ్వవిద్యాలయం ఒకటి వచ్చింది.

ఏ కాలేజీ అయినా సరే, ఫీజు కట్టే ముందు ఒక పని తప్పనిసరి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ విద్యా సంవత్సరానికి అనుమతించిన సీట్ల సంఖ్య చూడాలి. నిరుడు ఉండింది కదా అని ఊరుకోవద్దు. "అనుమతి వచ్చేస్తుంది, ప్రాసెస్‌లో ఉంది" అన్న మాటను కాగితం మీద రాసివ్వమను. కౌన్సిల్ గుర్తింపు లేని డిగ్రీతో రిజిస్టర్‌లో పేరు ఎక్కదు. పేరు ఎక్కకపోతే ఐదేళ్లు చదివి కూడా ఆర్కిటెక్టు అని బోర్డు మీద రాసుకోలేవు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కోచింగ్ సెంటర్లు చెప్పనిది, జమ్మలమడుగువాడికి ఊరికే దొరికేది.

మీ ఊళ్లోనో, మైలవరం, ముద్దనూరు వైపు పల్లెల్లోనో ఇంకా మిగిలి ఉన్న ఒక మట్టిమిద్దె చూసుకో. మనుషులు కాపురమున్న ఇల్లే కావాలి, పడిపోయింది వద్దు. ఒక టేపు, పెన్సిలు, గళ్ల కాగితం తీసుకుని వెళ్లు. ఆ ఇంటి అవ్వను అడిగి లోపలికి పో. మొదట గోడ మందం కొలువు. ఆ అంకె రాసుకున్నాక మీ సొంత ఇంటి సిమెంటు ఇటుక గోడ మందం దాని పక్కన రాయి. తర్వాత తలెత్తి పైకప్పు చూడు. గోడ మీద దూలం, దూలం మీద దంతెలు, వాటి మీద బండలో కట్టెలో, ఆపైన మన్ను, అన్నిటికన్నా పైన చౌడు. అంత మన్ను వానకు ఎందుకు కరిగిపోవడం లేదని అవ్వనే అడుగు. చౌడు మన్ను తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదని, వానాకాలం ముందు మళ్లీ ఒక పొర పరుస్తారని చెప్తుంది. నడిమింట్లో పైన చిన్న గవాక్షం ఉంటుంది. వెలుతురు అందులోంచి దిగుతుంది, పొయ్యి పొగ అందులోంచి పోతుంది, వాన వస్తే ఒక బండ అడ్డం పెడతారు. ఇదంతా ఇంటిని కత్తితో నిలువుగా కోసి చూపినట్టు గీయి. దాన్ని సెక్షన్ అంటారు. మొదటి ఏడాదిలో సగం మంది సెక్షన్ అంటే ఏమిటో అర్థంకాక తల పట్టుకుంటారు. నువ్వు అప్పటికే ఒకటి గీసి ఉంటావు.

అక్కడితో వదలొద్దు. ఒక మామూలు ఉష్ణోగ్రత మీటరు కొని, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మిద్దె లోపల, పక్కనున్న స్లాబు ఇంట్లో, బయట నీడలో, వారం రోజులు అంకెలు రాయి. రాత్రి పదింటికి మళ్లీ రాయి. మన ఎండలకు ఆ పట్టిక చెప్పే సంగతి ఏ పుస్తకమూ అంత గట్టిగా చెప్పదు. మట్టిమిద్దెను ఆకాశానికెత్తమని నేననడం లేదు. అందులో తేళ్లుంటాయి, చెద ఉంటుంది, అవ్వ ఏటా చౌడు మోయించుకోవాలి. ఆ బాధలన్నీ కూడా షీటు మీద రాయి. మట్టి ఇల్లు చూడగానే మురిసిపోయి, ఆ మిద్దె ఎక్కి మన్ను పరిచేదెవరో అడగని పట్నం డిజైనర్లను నేను చాలామందిని చూశాను.

రెండో పాఠం నాపరాయి. ఎర్రగుంట్ల వైపు బండలు తీసే చోటుకు, పాలిష్ మిషన్ల దగ్గరికి ఒకరోజు వెళ్లి కూర్చో. ఏ మందం ఏ పనికి, ఏ సైజు బండ మోస్తే మధ్యలో విరుగుతుంది, పాలిష్ చేసినదానికీ గరుకుదానికీ ధర తేడా ఎంత, ఇవన్నీ అడుగు. బయటి రాష్ట్రాల్లో వంటగది గట్టు మీద పరిచే నల్లబండను కడప్పా అనే పిలుస్తారు. రేపు ముంబైలో ఏ ఆఫీసులోనో నీ పక్కవాడు "కిచెన్‌కు కడప్పా వేద్దాం" అన్నప్పుడు ఆ బండ ఏ గుంతలోంచి వచ్చిందో చెప్పగలిగేది ఆ గదిలో నువ్వొక్కడివే.

మూడోది పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న గండికోట. అందరూ వెళ్లి లోయ అంచున ఫొటో దిగి వస్తారు. నువ్వు లోయవైపు పోవద్దు. ధాన్యాగారం లోపల కూర్చుని ఆ వంపు కప్పు బరువు గోడల్లోకి ఎలా దిగుతోందో బొమ్మ వెయ్యి. మాధవరాయ ఆలయం గోపురాన్ని, జామా మసీదును ఒకే కాగితం మీద, ఒకే కొలతకు పక్కపక్కన గీయి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఒకే చోట కూర్చుని నీడలు ఎటు జరిగాయో చూడు. నాటాలో చేతి డ్రాయింగ్‌కు ఇంతకంటే మంచి సాధన నాకు తెలియదు. ఊళ్లో పెన్నా పక్కన నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి మండపం ఉండనే ఉంది, బస్సు ఖర్చు కూడా లేదు.

ఇక్కడ చిన్న పక్కదారి. గుళ్లు కట్టడమే నీ కలైతే దానికి వేరే బడి ఉంది. తిరుపతిలో తితిదే నడిపే సాంప్రదాయ శిల్ప, వాస్తు కళాశాల 1960 నుంచి ఉంది. హుస్సేన్‌సాగర్ మధ్యలోని బుద్ధుణ్ని చెక్కించింది గణపతి స్థపతి. స్థపతి దారి గొప్ప దారి. కానీ అది కౌన్సిల్ రిజిస్టర్‌కు పోయే దారి కాదు. రెండూ ఒకటేననుకుని చేరితే తర్వాత నొచ్చుకుంటావు.

ఐదేళ్లు, పది సెమిస్టర్లు. బీటెక్ స్నేహితులు నాలుగో ఏడాది చివర ఆఫర్ లెటర్లు చూపిస్తుంటే నువ్వు థర్మాకోల్ కోస్తుంటావు. షీట్లు, మోడళ్లు, మంచి లాప్‌టాప్, ప్రింట్లు, స్టడీ టూర్లు, ఇవేవీ ఫీజు రసీదులో కనిపించవు. ఇంట్లో ముందే చెప్పాలి, లేదంటే ప్రతి నెలా ఫోన్లో సంజాయిషీ చెప్పుకోవడమే. వీటికంటే బరువైనది జ్యూరీ. నీ డిజైన్ గోడకు అంటించి, నలుగురి ముందు నిలబడి దాన్ని సమర్థించుకోవాలి. తెలుగు మీడియం నుంచి వెళ్లిన పిల్లలు అక్కడ గొంతు పోగొట్టుకుంటారు. లోపం డిజైన్‌లో ఉండదు, ఇంగ్లిషులో తడబడతారు, అంతే. నేనిచ్చే సలహా ఇది: జ్యూరీకి ముందురోజు ఆరు వాక్యాలు రాసుకో. స్థలం ఎలాంటిది, ఎండ ఎటునుంచి, గాలి ఎటునుంచి, ఎవరికోసం, ఏం వదిలేశాను, ఎందుకు వదిలేశాను. ఆ ఆరు వాక్యాలూ అద్దం ముందు పదిసార్లు చెప్పు. చివరిది ఎప్పుడూ ‘ఎందుకు’ దగ్గరే ఆగాలి.

చదువులో ఒక సెమిస్టర్ ఆఫీసులో శిక్షణకు పోతుంది. పేరున్న ఆఫీసు కోసం పాకులాడి, ఆరు నెలలూ రంగుల త్రీడీ బొమ్మలు వేయించుకుని పంపేస్తే నీకు మిగిలేదేం లేదు. చేరేముందే రెండు సంగతులు అడుగు: సైటుకు పంపిస్తారా, మేస్త్రి చేతిలోకి వెళ్లే డ్రాయింగులు నాతో గీయిస్తారా. కాదంటే చిన్న ఆఫీసే మేలు.

డిగ్రీ రాగానే కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాలి. అమెరికాలో అయితే డిగ్రీ తర్వాత కూడా 3,740 గంటల పని అనుభవం లెక్క చూపించి, ఆరు భాగాల పరీక్ష గట్టెక్కి, అప్పుడు ఆ రాష్ట్రం లైసెన్సు కోసం నిలబడాలి. అక్కడ మాస్టర్స్ చేసిన మనవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఆఫీసుల్లో పనిచేస్తూ కూడా ఆర్కిటెక్టు అని రాసుకోలేకపోవడానికి కారణం అదే. ఇక్కడ గుర్తింపు ఉన్న డిగ్రీ ఉంటే రిజిస్ట్రేషన్ వస్తుంది. సీఏ అనే అక్షరాలు, సంవత్సరం, ఆ తర్వాత నీ సంఖ్య. రెన్యువల్ మర్చిపోతే రిజిస్టర్‌లోంచి పేరు తీసేస్తారు, మళ్లీ రుసుము కట్టి ఎక్కించుకోవాలి. తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టు.

నంబరు వచ్చింది కదా అని మరుసటి నెలలో జమ్మలమడుగులో బోర్డు పెట్టొద్దు. రెండు మూడేళ్లు ఇంకొకరి దగ్గర, ఇంకొకరి సంతకం కింద పనిచెయ్యి. స్లాబు పడే రోజు, సెంట్రింగ్ ఊడదీసే రోజు, బిల్లు దగ్గర కాంట్రాక్టరు గొడవ పడే రోజు, అన్నీ చూడు.

తిరిగొచ్చాక ఎదురయ్యే మొదటి పరీక్ష కమీషన్. బండల షాపువాడు, టైల్స్ షాపువాడు, సిమెంటు డీలరు వరుసగా వస్తారు. "సార్, మీ పార్టీని మా దగ్గరికి పంపించండి, మీ భాగం మీకు" అంటారు. మన వైపు అది మర్యాదలాగే చలామణి అవుతుంది. కానీ 1989లో వచ్చిన వృత్తి ప్రవర్తన నియమాలు పని కోసం, పార్టీని పంపించినందుకు కమీషన్లు, కానుకలు ఇచ్చిపుచ్చుకోవడాన్ని నిషేధిస్తాయి. తప్పు రుజువైతే కౌన్సిల్ చర్య తీసుకోవచ్చు, రిజిస్టర్ నుంచి పేరు తొలగించే దాకా కూడా పోవచ్చు. నియమాన్ని పక్కనపెట్టి లెక్కే వేసుకో. బండకు అడుగుకు ఇంత అని తీసుకున్నవాడు ఆ బండ విరిగినప్పుడు యజమాని వైపు ఎలా నిలబడతాడు?

రెండో పరీక్ష ఫీజు. "ఒక కాగితం గీసేదానికి ఇంత దుడ్డా?" అని యజమాని అడుగుతాడు. వాదించొద్దు. ఆయన్ను పడమటి గోడ దగ్గరికి తీసుకుపో. సాయంత్రం నాలుగింటికి ఆ కిటికీలోంచి ఎండ ఎంత లోపలికి వస్తుందో, కిటికీని రెండడుగులు జరిపి పైన ఒక బండ నీడగా పెడితే ఎంత తగ్గుతుందో నేల మీద సుద్దతో గీసి చూపించు. తర్వాత ఫీజును దశలుగా కాగితం మీద రాసివ్వు: స్కెచ్ అయ్యాక ఇంత, మున్సిపాలిటీకి పెట్టేటప్పుడు ఇంత, మేస్త్రికి ఇచ్చే డ్రాయింగులకు ఇంత, సైటుకు వచ్చిన ప్రతిసారీ ఇంత. నోటిమాట మీద పని మొదలుపెట్టొద్దు, ఆయన మేనమామ అయినా సరే. మేనమామ అయితే మరీ.

పని ఎక్కడుంటుందనే అనుమానం సహజం. మూడు సెంట్ల ఇంటివాళ్లు మొదట్లో నీ దగ్గరికి రారు. ప్రొద్దుటూరు బంగారు కొట్లు, బట్టల దుకాణాలు ముఖద్వారాలు మార్చుకుంటూనే ఉంటాయి. కల్యాణ మండపాలు, ప్రైవేటు బడులు, ఆసుపత్రులు కడుతూనే ఉంటారు. గండికోటకు వచ్చేవాళ్ల కోసం బసలు పెట్టేవాళ్లున్నారు. వాళ్లలో ఒకరికైనా మట్టిమిద్దెలో నువ్వు రాసుకున్న ఉష్ణోగ్రత పట్టిక చూపించే రోజు వస్తుంది. కాబట్టి దాన్ని పారేయొద్దు.

మొదటి పని దొరికాక పేరు, నంబరు వేసి డ్రాయింగు ఇచ్చావు. పునాదికి ముగ్గు పోసే రోజు తెల్లారేసరికే అక్కడుండు. సిద్ధాంతి పెట్టిన ముహూర్తం ఆరింటికైతే ఐదింటికే. మేస్త్రి దారం లాగి మూలమట్టం వేస్తాడు. మూడు, నాలుగు, ఐదు అడుగుల లెక్క ఆయనకు నీకంటే ముందే తెలుసు, అది ఆయన వేళ్లలో ఉంది. ఆయన్ను వేయనివ్వు. అయిపోయాక రెండు కర్ణాలూ నువ్వు స్వయంగా కొలువు. అంగుళం తేడా వచ్చినా మళ్లీ వేయించు. ముహూర్తం దాటిపోతుందని వెనకనుంచి యజమాని గొణుగుతాడు. మేస్త్రి ఒక నిమిషం నీ మొహంలోకి చూసి, టేపు కొస నీ చేతికిచ్చి, "సరే సారూ, ఆ మూల మీరే పట్టుకోండి" అంటాడు. పట్టుకో.